టూ బై త్రీ

ఫతేనగర్ బడికి ప్యానెల్ వచ్చిన రోజు
నల్లబల్లను విప్పి
సైకిళ్ల షెడ్డులో నిలబెట్టారు, మొహం గోడవైపు.
తప్పు చేసిన పిల్లలా కనిపించింది నాకు.

అరవై అయిదు అంగుళాల వెలుగు.
తాకితే పలుకుతుంది.
సరైన జవాబుకు ఓ పచ్చ నక్షత్రం,
టింగుమని ఓ చప్పుడు.
మొదటి వారం అయిదో తరగతి మొత్తం
ఊపిరి బిగబట్టి కూచుంది.
రెండో వారానికి ఖలీల్ కనిపెట్టాడు,
నాలుగు గడులనూ వరసగా నొక్కుకుంటూ పోతే
ఎక్కడో ఒక చోట టింగుమనక తప్పదని.
నక్షత్రాలు రాలాయి.
భిన్నాలు రాలేదు.

బీయీడీలో పావురం గురించి పదహారు మార్కులకు రాశాను.
మీట నొక్కితే గింజ, గింజ కోసం మీట.
నేను గీసిన బొమ్మలో పావురానికి కళ్లు పెట్టలేదు,
ముక్కు ఒక్కటే.
ఫస్ట్ క్లాసులో పాసయ్యాను.
గింజలు అయిపోయాక అది ఏం చేస్తుందని
ఎవరూ అడగలేదు.
మొజంజాహీ మార్కెట్ దగ్గర బస్సు కోసం నిలబడి చూశాను:
జొన్నలు అయిపోగానే లేచిపోతాయి
అన్నీ ఒకేసారి,
ఎవరికోసమో చప్పట్లు కొట్టినట్టు.

సోమవారం. సగం పెద్దదా, మూడింట రెండు వంతులు పెద్దవా?
తెర మీద పిజ్జా గుండ్రంగా తిరిగింది.
బాలమణి లేచి నిలబడింది.
"టీచర్, అదేం రొట్టె? మీద గా ఎర్రటియి ఏంటివి?"
ఒక్కరూ నవ్వలేదు.
ఒక్కరికీ తెలియదు కనుక.

పదకొండూ పదికి ఎంఎంటీఎస్ పోయింది, కిటికీలు వణికాయి.
దాని వెనకే కరెంటూ పోయింది.
నల్లబడ్డ తెరలో నా ముఖం మిగిలింది,
నా వెనక ముప్పై ఎనిమిది ముఖాలు.

"ఖలీల్, సాయంత్రాలు ఎక్కడుంటావు?"
"మామూ హోటల్ల, టీచర్. కప్పులందిస్త."
"వన్ బై టూ అంటే?"
"ఒక చాయ్, రెండు కప్పులు."
"టూ బై త్రీ?"
వాడి చేతులు గాలిలో చాయ్ పోశాయి.
"రెండు చాయ్‌లు, మూడు..."
పోస్తున్న చెయ్యి అక్కడే ఆగింది.
"టీచర్! టూ బై త్రీల కప్పు జర నిండుగుంటది!"

ఎక్కడా టింగుమనలేదు.
వాడి ముఖంలో వచ్చినదానికి నేను పేరు పెట్టను.
పెడితే మళ్లీ పదహారు మార్కుల ప్రశ్న అయిపోతుంది.

ప్యానెల్‌ను తిట్టడానికి రాయడం లేదు ఇది.
కరెంటు వచ్చాక అన్నం గిన్నెల దగ్గరి స్టీలు గ్లాసులు తెచ్చి
రెండు గ్లాసుల నీళ్లు మూడింటిలో పోయించాను.
ఫోటో తీసి పిజ్జా ఉన్న చోట పెట్టాను.
బాలమణి బల్ల ఎక్కి, వేలితో
తెర మీది నీళ్లకు గీత గీసింది.
ఆమె వేలి తడి ఆ వెలుగు మీద
కాసేపు ఆరలేదు.

ఫిబ్రవరి మీటింగుకు వాళ్ల నాన్న వచ్చాడు.
చెన్నకేశవులు, కోస్గి మనిషి,
కొండాపూర్‌లో మేడలకు పరంజాలు కడతాడు.
పరంజా. నా పుస్తకాల్లో ఆ మాట ఇంగ్లీషులో ఉండేది.
పిల్లవాడికి అందీ అందని చోట
గురువు వేసే కర్రలని బట్టీ పట్టానే గానీ
కట్టేవాడిని ఎప్పుడూ అడగలేదు.
"ఎప్పుడు విప్పుతారు?"
"గోడే చెప్తది టీచర్.
తడి మీద ఇప్పితే పెచ్చులూడుతది.
ఇప్పకుంట ఉంచితే రంగెయ్యరాదు."
చెప్పులు వేసుకుంటూ మళ్లీ అన్నాడు,
"కట్టెలున్న కాడ బొక్కలుంటయి. గవి ఆఖరుకు మూస్తం."

బడి వదిలాక ప్యానెల్ ముందు కూచున్నాను.
సూచనలు ఎన్ని ఇవ్వాలో చెప్పే మీట
ఇన్నాళ్లూ అక్కడే ఉంది.
అందరికీ మూడు. ఒక్కో పేరూ చూస్తూ
కొందరికి రెండు చేశాను, ఇద్దరికి ఒకటి.
బాలమణికి మూడూ ఉంచాను, ఇంకా తడి ఉంది.
ఖలీల్ పేరు దగ్గర చాలాసేపు ఆగి
సున్నా పెట్టాను.

మర్నాడు వాడు తెర ముందు నిలబడి
నాలుగు గడులనూ చూశాడు, నొక్కలేదు.
తిరిగి నా వైపు చూశాడు.
నేను కిటికీలోంచి
ఇంకా రాని రైలును చూస్తున్నాను.